క్రిస్మస్ సెలవులు: హాస్టల్ నుంచి బిడ్డ ఇంటికొచ్చిన రోజుల్లో ఏ సేవ ఎక్కడ దొరుకుతుంది?

డిసెంబరు మూడో వారం దాటిందంటే చీరాల, బాపట్ల, ఒంగోలు, గుంటూరు బస్టాండ్లలో పెట్టెలు, పరుపు చుట్టలతో పిల్లలు కనిపిస్తారు. మిషన్ బడులకు సెలవులిస్తారు. కార్పొరేట్ కాలేజీల హాస్టళ్ల నుంచి కొందరు రెండు మూడు రోజుల అనుమతితో ఇంటికి బయల్దేరతారు. పండగ చేసుకునే ఇళ్లలో నక్షత్రం వెలుగుతుంది. చేసుకోని ఇళ్లలోనూ పిల్లలు వచ్చారన్న సందడి ఉంటుంది.

అయితే ఈ సెలవులతో పాటు మరికొన్ని కూడా ఆగిపోతాయి. బడిలో పెట్టే మధ్యాహ్న భోజనం ఉండదు. పిల్లాడి ముఖం చూసి తేడా పసిగట్టే టీచరు దగ్గర ఉండరు. వార్డెన్ కాపలా ఉండదు, కాలేజీ కౌన్సెలర్ ఉంటే ఆ తలుపూ మూసి ఉంటుంది. ఆ పని అంతా ఇంటి మీద పడుతుంది. సెలవు బడికే కానీ అత్యవసర సేవలకు కాదు. ఏ అవసరానికి ఎవరిని అడగాలో ఈ కథనంలో చూద్దాం.

ఎవరికి ఎన్ని రోజులు సెలవు?

ఆంధ్రప్రదేశ్ విద్యా క్యాలెండర్ ప్రకారం క్రైస్తవ మైనారిటీ పాఠశాలలకు క్రిస్మస్‌కు వారం పది రోజుల సెలవులు ఉంటాయి. వాటికి సంక్రాంతి సెలవులు తక్కువ. మిగిలిన బడులకు డిసెంబరు 25న మాత్రమే సెలవు, పెద్ద సెలవులు సంక్రాంతికి వస్తాయి. గుంటూరులో 1842లో లూథరన్ మిషన్ మొదలైంది. ఒంగోలు చుట్టుపక్కల బాప్టిస్ట్ మిషన్ పనిచేసింది. అందుకే ఈ ప్రాంతంలో మిషన్ బడులు ఎక్కువ, క్రిస్మస్ సెలవులకు ఇంటికి వచ్చే పిల్లలూ ఎక్కువ. ఒకే ఇంట్లో ఒక బిడ్డకు ఇప్పుడు, ఇంకో బిడ్డకు సంక్రాంతికి సెలవులు రావడం ఇక్కడ మామూలే. ఇక్కడ చెప్పే సంగతులు రెండింటికీ పనికొస్తాయి.

డిసెంబరు 25న ప్రభుత్వ కార్యాలయాలకు, సచివాలయాలకు సెలవు. ఆసుపత్రుల్లో ఓపీ ఉండకపోవచ్చు కానీ అత్యవసర విభాగం పనిచేస్తుంది. 108, 112 ఎప్పటిలాగే అందుబాటులో ఉంటాయి. బిడ్డ రోజూ మందులు వాడుతుంటే 24వ తేదీలోపే పది రోజులకు సరిపడా తెచ్చి పెట్టుకోండి. మూర్ఛ, ఆస్తమా, మానసిక సమస్యలకు వాడే మందులను మధ్యలో ఆపకూడదు.

ఇంటికి వచ్చే దారిలో

హాస్టల్ నుంచి పిల్లల్ని పంపేటప్పుడు ఎవరు తీసుకెళ్తున్నారో రిజిస్టరులో రాయించుకుంటారు. మీరు వెళ్లలేక వేరే వాళ్లను పంపుతుంటే వార్డెన్‌కు ముందే ఫోన్ చేసి ఆ మనిషి పేరు చెప్పండి. ఎవరు వస్తున్నారో బిడ్డకు కూడా ముందే తెలియాలి.

ఆడపిల్లలకు రాష్ట్రంలో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం కింద ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం ఉంది. పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సులకు ఇది వర్తిస్తుంది. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు దగ్గర ఉంచమనండి. రైల్లో ఇబ్బంది ఎదురైతే 139కి ఫోన్ చేయాలి. స్టేషన్‌లోనో బస్టాండులోనో తప్పిపోయిన బిడ్డ, ఒంటరిగా తిరుగుతున్న బిడ్డ కనిపిస్తే 1098కి చెప్పండి.

వచ్చిన మొదటి రోజు ఏం మాట్లాడాలి?

చాలా ఇళ్లలో గుమ్మంలోకి రాగానే ఎదురయ్యే ప్రశ్న: ‘మార్కులు ఎన్ని వచ్చాయి?’ ఆ ప్రశ్నను రెండు రోజులు వాయిదా వేయండి. తెల్లవారుజామున లేచి స్టడీ అవర్స్‌లో కూర్చుని, వారం వారం పరీక్షలు రాసి వచ్చిన బిడ్డకు ముందు కావాల్సింది నిద్ర, ఇంటి తిండి. మొదటి రెండు రోజులు ఎక్కువగా పడుకుంటే బద్ధకం అనుకోవద్దు.

‘నీ కోసం ఎకరం అమ్మాం’, ‘ఈసారి మిర్చి రేటు లేదు, నీ ఫీజుకే అప్పు చేశాం’ అనే మాటలు పెద్దవాళ్లు బాధతో అంటారు. వినే బిడ్డకు మాత్రం ఇంటి కష్టానికి తానే కారణమని అర్థమవుతుంది. అప్పు సంగతి దాచాల్సిన పని లేదు. చెప్పదలచుకుంటే ‘అది మేం చూసుకుంటాం, నీ మీద పెట్టుకోకు’ అని కూడా చెప్పండి. బంధువుల ముందు ర్యాంకుల పోలికలు వద్దు. పక్కింటి పిల్లాడి సీటు గురించి పండగ రోజు భోజనాల దగ్గర మాట్లాడకపోతే వచ్చే నష్టం ఏమీ లేదు.

ఏ మార్పులు కనిపిస్తే జాగ్రత్త పడాలి?

సెలవుల్లో బిడ్డ రోజంతా మీ కళ్ల ముందే ఉంటుంది. హాస్టల్‌లో ఎవరూ గమనించని మార్పు ఇంట్లో బయటపడొచ్చు.

- రెండు రోజుల విశ్రాంతి తర్వాత కూడా నిద్ర పట్టకపోవడం, లేదా రోజంతా మంచం దిగకపోవడం
- తిండి మానేయడం, ఇష్టమైన వంటను కూడా పక్కన పెట్టడం
- పాత స్నేహితులను, చుట్టాలను కలవడానికి ఒప్పుకోకపోవడం
- కాలేజీ పేరు ఎత్తితే ఏడవడం, వణకడం, కడుపునొప్పి అనడం
- తన వస్తువులను తమ్ముడికో చెల్లికో పంచేయడం
- ‘నేను లేకపోతే మీకే సుఖం’ లాంటి మాటలు
- చేతుల మీద గాయాలు, వాటిని పొడుగు చేతుల చొక్కాతో దాచడం

వీటిలో ఏదో ఒకటి కనిపించినంత మాత్రాన ప్రమాదం ముంచుకొచ్చినట్టు కాదు. కానీ ఒకటికి మించి కనిపిస్తే, చచ్చిపోవాలన్న మాట ఒక్కసారి వినిపించినా, పక్కన కూర్చుని నేరుగా అడగండి: ‘చనిపోవాలని అనిపిస్తోందా?’ అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టు అవుతుందేమోనని చాలామంది భయపడతారు. అలా జరగదని మానసిక వైద్యులు చెబుతారు. అడిగే మనిషి ఒకరున్నారని తెలియడమే చాలామందికి ఊరట. ‘అవును’ అంటే తిట్టొద్దు, ఒట్టు వేయించుకోవద్దు, ఒంటరిగా వదలొద్దు. ఫోన్ చేయండి.

14416కి ఫోన్ చేస్తే ఏమవుతుంది?

ఇది కేంద్ర ఆరోగ్య శాఖ నడిపే టెలీ మానస్. 2022 అక్టోబరు 10న మొదలైంది. 24 గంటలూ పనిచేస్తుంది, ఉచితం. 1800 891 4416 నంబరుకు చేసినా ఇదే సేవ దొరుకుతుంది.

ముందుగా ఏ భాషలో మాట్లాడాలో అడుగుతుంది, తెలుగు ఎంచుకోవచ్చు. శిక్షణ పొందిన కౌన్సెలర్ మాట్లాడతారు. అవసరమైతే మానసిక వైద్య నిపుణులకు కలుపుతారు, దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లే దారి చెబుతారు. బిడ్డే మాట్లాడాలని లేదు. ‘మా అబ్బాయి ఇలా ఉన్నాడు, నేను ఎలా మాట్లాడాలి?’ అని తల్లిదండ్రులు కూడా అడగొచ్చు. పంట నష్టంతో, అప్పులతో నిద్ర పట్టని పెద్దలకూ ఇదే నంబరు.

చదువు ఒత్తిడికి సంబంధించి కేంద్ర విద్యా శాఖ నడిపే మనోదర్పణ్ నంబరు 84484 40632. ఇది ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు ఉంటుంది. నేరుగా డాక్టరును కలవాలంటే గుంటూరు, ఒంగోలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగాలు ఉన్నాయి.

ఇంట్లో పురుగుమందు ఉందా?

పత్తి, మిర్చి పండించే ఊళ్లలో పండగకు ముందు చేయాల్సిన పని ఇది. కొట్టగా మిగిలిన పురుగుమందు డబ్బా వసారాలోనో, వంటింటి అటక మీదో, మంచం కిందో ఉంటుంది. క్షణికావేశంలో చేతికి అందే దూరంలో అది ఉండకూడదు. ఆవేశం చాలామందిలో కాసేపటికి తగ్గుతుంది. ఆ కాసేపు మందు దొరకకపోతే ప్రాణం నిలుస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆత్మహత్యల నివారణకు చెప్పే మొదటి సూచనల్లో ఇదొకటి.

బిడ్డ ఇంటికి వచ్చేలోపే మిగిలిన మందును ఇంటి నుంచి తీసేయండి. తాళం వేసే పెట్టెలోనో, పొలం దగ్గర తాళం ఉన్న కొట్టంలోనో పెట్టి, తాళంచెవి ఒక్కరి దగ్గరే ఉంచండి. కూల్‌డ్రింక్ సీసాల్లో పోసి ఉంచొద్దు. చిన్నపిల్లలు పొరపాటున తాగే ప్రమాదం కూడా ఉంది.

ఎవరైనా తాగినట్టు అనుమానం వస్తే వెంటనే 108కి ఫోన్ చేయండి. ఉప్పునీళ్లు, పేడనీళ్లు తాగించి వాంతి చేయించొద్దు. వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది. బట్టల మీద, ఒంటి మీద మందు పడి ఉంటే బట్టలు తీసి నీళ్లతో కడగండి. డబ్బాను, దాని లేబుల్‌ను తప్పకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి, ఏ మందో తెలిస్తేనే డాక్టర్లు సరైన చికిత్స త్వరగా మొదలుపెట్టగలరు. ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ విష సమాచార కేంద్రం నంబరు 1800 116 117.

ఆసుపత్రికి వెళ్తే కేసు పెడతారా?

ఈ భయంతోనే కొందరు విషయం దాచి, ఊళ్లోనే నాటు వైద్యం చేయించి విలువైన సమయం పోగొట్టుకుంటారు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం-2017లోని 115వ సెక్షన్ ప్రకారం ఆత్మహత్యాయత్నం చేసిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టుగానే భావించాలి. వారిని శిక్షించకూడదు. వారికి వైద్యం, సంరక్షణ అందించడం ప్రభుత్వ బాధ్యత అని అదే సెక్షన్ చెబుతోంది. ఆసుపత్రిలో పోలీసులు వివరాలు అడగొచ్చు. దానికి భయపడి ఆలస్యం చేయొద్దు.

కాలేజీని ఏం అడిగే హక్కు ఉంది?

విశాఖపట్నంలో నీట్ శిక్షణ తీసుకుంటున్న 17 ఏళ్ల విద్యార్థిని 2023 జులైలో మరణించింది. ఆ కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న తీర్పు ఇస్తూ విద్యాసంస్థలన్నిటికీ, కోచింగ్ కేంద్రాలకూ, హాస్టళ్లకూ 15 మార్గదర్శకాలు పెట్టింది. ప్రత్యేక చట్టం వచ్చేవరకు వీటిని పాటించి తీరాలి. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. ఆ సంఖ్యను కోర్టు ప్రస్తావించింది.

తల్లిదండ్రులు గుర్తుంచుకోవాల్సినవి ఇవి:

- వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థలో కనీసం ఒక అర్హత గల కౌన్సెలర్ ఉండాలి.
- మార్కులను బట్టి విద్యార్థులను వేర్వేరు బ్యాచ్‌లుగా విడదీయడం, అందరి ముందూ అవమానించడం మానాలి.
- టెలీ మానస్ లాంటి హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టళ్లలో, తరగతుల్లో, వెబ్‌సైట్లలో పెద్ద అక్షరాల్లో ఉంచాలి.
- సిబ్బందికి ఏడాదికి కనీసం రెండుసార్లు మానసిక ఆరోగ్యంపై శిక్షణ ఇవ్వాలి.
- తల్లిదండ్రులకు కూడా అవగాహన కార్యక్రమాలు పెట్టాలి.

సెలవుల తర్వాత బిడ్డను దింపడానికి వెళ్లినప్పుడు గేటు దగ్గరి నుంచే వెనక్కి రాకండి. ‘కౌన్సెలర్ ఎవరు? ఒకసారి కలవొచ్చా?’ అని అడగండి.

మధ్యాహ్న భోజనం లేని రోజులు

డొక్కా సీతమ్మ మధ్యాహ్న బడి భోజన పథకం ప్రభుత్వ బడులతో పాటు 2025 జనవరి నుంచి ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లోనూ అమలవుతోంది. సెలవు రోజుల్లో అది ఉండదు. కూలికి వెళ్లే ఇళ్లలో ఇద్దరు పిల్లలు పది రోజులు మధ్యాహ్నం కూడా ఇంట్లోనే తింటే ఆ తేడా బియ్యం డబ్బాలో కనిపిస్తుంది.

రాష్ట్రంలో రేషన్ సరుకులు చౌకధరల దుకాణాల్లో నెలలో 1 నుంచి 15వ తేదీ వరకు ఇస్తారు. క్రిస్మస్ నాటికి ఆ గడువు దాటిపోతుంది కాబట్టి డిసెంబరు సరుకులు ముందే తీసుకోవాలి. పని కోసం వేరే ఊరు వెళ్లినవాళ్లు రాష్ట్రంలో ఎక్కడైనా తీసుకోవచ్చు. ఫిర్యాదులకు 1967. ఆరేళ్లలోపు పిల్లలకు, గర్భిణులకు, బాలింతలకు అంగన్‌వాడీ ఉంది. దానికి బడి సెలవులతో సంబంధం లేదు.

సెలవుల్లో పిల్లల్ని చేలకు తీసుకెళ్లొచ్చా?

డిసెంబరులో పత్తి తీతలు నడుస్తుంటాయి. సంక్రాంతి దాటాక మిర్చి కోతలు ఊపందుకుంటాయి. కూలీల కొరత ఉన్న రోజుల్లో ‘సెలవులే కదా, పిల్లాణ్ని కూడా తీసుకురా’ అనడం మామూలు.

చట్టం ఏం చెబుతోందంటే, 14 ఏళ్లలోపు పిల్లలతో కూలి పని చేయించకూడదు. 2016లో చేసిన సవరణ ప్రకారం బడి వేళల తర్వాత గానీ, సెలవుల్లో గానీ సొంత కుటుంబానికి సాయం చేయవచ్చు. అదైనా ప్రమాదకరమైన పని కాకూడదు. 14 నుంచి 18 ఏళ్ల వారిని ప్రమాదకరమైన పనుల్లో పెట్టకూడదు. అంటే మీ చేలో నాన్నకు అన్నం క్యారియర్ తీసుకెళ్లడం వేరు, మేస్త్రి వెంట రోజు కూలికి పంపడం వేరు. పిల్లల్ని పనిలో పెట్టుకున్న యజమానికి ఆరు నెలల నుంచి రెండేళ్ల జైలు, లేదా 20 వేల నుంచి 50 వేల రూపాయల జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

మందు కొట్టిన చేలోకి పిల్లల్ని అసలు రానివ్వొద్దు. కోతల కోసం కుటుంబమంతా వలస వెళ్లాల్సి వస్తే, చదువు ఆగకుండా సమగ్ర శిక్ష కింద సీజనల్ హాస్టల్ దొరుకుతుందేమో మండల విద్యాశాఖాధికారిని ముందే అడగండి. సెలవుల్లో గుట్టుగా జరిగే బాల్య వివాహాల సమాచారం కూడా 1098కే చెప్పాలి. పెళ్లికి అమ్మాయికి 18, అబ్బాయికి 21 ఏళ్లు నిండాలి.

పండగ పూట ఇంట్లో గొడవలు

తాగుడు పెరిగే రోజులు కూడా ఇవే. బిడ్డ ఇంటికి వచ్చింది కదా అని దెబ్బలు ఓర్చుకునే తల్లులు ఉంటారు. గోడ అవతల నుంచి బిడ్డ అన్నీ వింటూనే ఉంటుంది. ఆపదలో 112, మహిళలకు 181. వన్ స్టాప్ కేంద్రంలో కొద్ది రోజులు తలదాచుకునే వసతి, వైద్యం, పోలీసు, న్యాయ సాయం ఒకేచోట దొరుకుతాయి. ఉచిత న్యాయ సాయానికి 15100. తాగుడు, మత్తు మానాలనుకునేవారికి 14446. గంజాయి అమ్మకాల సమాచారానికి రాష్ట్ర ఈగల్ విభాగం నంబరు 1972. బంధువుల ఇంట్లో గానీ, ఇంకెక్కడైనా గానీ ఎవరైనా తనతో తప్పుగా ప్రవర్తించారని బిడ్డ చెబితే నమ్మండి, 1098కి చెప్పండి.

వాడరేవు వెళ్తున్నారా?

చీరాలకు ఆరు కిలోమీటర్ల దూరంలోని వాడరేవుకు, పక్కనే ఉన్న రామాపురానికి, బాపట్ల దగ్గరి సూర్యలంకకు క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం వరకు జనం వస్తూనే ఉంటారు. 2024 జూన్‌లో రామాపురం తీరంలో ఏలూరు జిల్లా యువకులు నలుగురు మునిగిపోయారు. ఆ తర్వాత కొన్ని రోజులు పోలీసులు బీచ్‌లలోకి ఎవరినీ అనుమతించలేదు. 2025 అక్టోబరులో వాడరేవులోనే విద్యార్థులు అలలకు కొట్టుకుపోయారు.

ఒడ్డుకు వచ్చిన నీళ్లు తిరిగి వెళ్లేటప్పుడు ఒక ఇరుకు దారిలో వేగంగా లోపలికి లాగుతాయి. దీన్నే రిప్ కరెంట్ అంటారు. అక్కడ అలలు విరగవు కాబట్టి, పక్కనున్న నీళ్ల కంటే ప్రశాంతంగా కనిపిస్తుంది. మోసపోయేది అక్కడే. చెరువులో, కాలువలో ఈత వచ్చినవాళ్లు కూడా దానికి ఎదురీదలేరు.

- పోలీసులు, మత్స్యకారులు వద్దన్నచోట దిగొద్దు. ఎక్కడ దిగాలో ముందు వాళ్లనే అడగండి.
- మోకాళ్ల లోతు దాటొద్దు. తాగినవాళ్లను, చీకటి పడ్డాక ఎవరినీ దిగనివ్వొద్దు.
- పిల్లల్ని చూసే బాధ్యత ఒక పెద్దమనిషికి అప్పగించండి. ఆ మనిషి చేతిలో ఫోన్ ఉండకూడదు.
- ప్రవాహం లాగితే ఒడ్డు వైపు ఈదొద్దు. నీళ్లపై తేలుతూ చెయ్యెత్తి పిలవండి. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, లాగుడు తగ్గాక ఒడ్డుకు రండి.
- మునిగేవారి కోసం వెనకాముందూ చూడకుండా దూకొద్దు. తాడు, ఖాళీ వాటర్ క్యాన్, ట్యూబు విసరండి. మత్స్యకారులను కేకేయండి. 112కి, తీరప్రాంత భద్రతా పోలీసులకు 1093 నంబరులో చెప్పండి.
- బయటికి తీసిన మనిషి ఊపిరి తీసుకోకపోతే పొట్ట నొక్కి నీళ్లు కక్కించే ప్రయత్నం వద్దు. నోటితో ఊపిరి అందిస్తూ, ఛాతీ మధ్యలో నొక్కుతూ సీపీఆర్ మొదలుపెట్టి 108 వచ్చేదాకా ఆపొద్దు.

2004లో సునామీ ఈ తీరాన్ని తాకింది క్రిస్మస్ మర్నాడే, డిసెంబరు 26న. ఇప్పుడు హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ కేంద్రం సునామీ, ఎత్తైన అలల హెచ్చరికలు ఇస్తోంది. డిసెంబరులో తుపాన్లూ వస్తాయి. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం బాపట్ల దగ్గరే తీరం దాటింది. బయల్దేరే ముందు ఆ రోజు హెచ్చరికలు చూసుకోండి.

‘నేను తిరిగి వెళ్లను’ అంటే?

సెలవులు ముగిసే ముందు రోజు రాత్రి చాలా ఇళ్లలో వినిపించే మాట ఇది. ‘ఫీజు కట్టేశాం, ఇంకో మూడు నెలలు ఓపిక పట్టు’ అని బలవంతంగా బస్సెక్కించేముందు ఒక్క పూట ఆగండి. ఎందుకు వెళ్లననుకుంటుందో అడిగి, మధ్యలో అడ్డు రాకుండా వినండి. తిండి బాగాలేదా, తోటివాళ్లు ఏడిపిస్తున్నారా, ఎవరైనా కొట్టారా, పాఠం అర్థం కావడం లేదా అన్నదాన్ని బట్టి చేయాల్సింది మారుతుంది. ఇంటి మీద బెంగ అయితే ఫోన్లు పెంచి, నెలకోసారి వెళ్లి చూసిరండి. దెబ్బలు, వేధింపులు అయితే ఆ మాట తేలేదాకా పంపొద్దు. చచ్చిపోతానన్న మాట వస్తే 14416తోనో డాక్టరుతోనో మాట్లాడకుండా పంపనే పంపొద్దు. హాస్టల్ మార్చవచ్చు, డే స్కాలర్‌గా చదివించవచ్చు, పరీక్ష సప్లిమెంటరీలోనూ రాయవచ్చు.

దాచుకోవాల్సిన నంబర్లు

- మానసిక ఆరోగ్యం (టెలీ మానస్): 14416
- విద్యార్థుల ఒత్తిడి (మనోదర్పణ్): 84484 40632
- ఏ ఆపదకైనా: 112
- అంబులెన్స్: 108
- పిల్లల రక్షణ: 1098
- మహిళల హెల్ప్‌లైన్: 181
- విష సమాచారం: 1800 116 117
- మత్తు విముక్తి: 14446
- ఉచిత న్యాయ సాయం: 15100
- తీరప్రాంత భద్రత: 1093
- రైల్వే: 139
- సైబర్ మోసాలు: 1930

ఈ జాబితాను మీ ఫోన్లో పెట్టుకుంటే సరిపోదు. హాస్టల్‌లో ఫోన్ ఉండదు కాబట్టి 14416, 1098 రెండూ బిడ్డకు నోటికి వచ్చేలా చూడండి. పుస్తకం అట్ట లోపల రాసి ఇచ్చినా మంచిదే.